ముత్యం కాలు కింద పెట్టలేదు

యనమలకుదురు,
గురువారం.

నా కొడుకు జోయెల్‌కి, అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ముత్యం కూడా లేచి తిరుగుతోంది. అక్కడ రాజమండ్రిలో నువ్వు వేళకింత తిని, ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా, గుణదల తల్లి కాపుదలలో క్షేమంగా ఉన్నావని తలుస్తున్నాను. ఈ ఉత్తరం నీ చేతికిచ్చే ముందు జైలు వాళ్ళు చదువుతారటగా. చదవనీ, నాకేం భయం.

నీ ఉత్తరం అందింది. దోమల గురించి పేజీ నిండా రాశావు. కృష్ణ ఒడ్డున పుట్టినవాడివి, నీకు దోమలు కొత్తా? దుప్పటి తల మీదుగా కప్పుకుని పడుకో. పొట్టలో మంట అన్నావు, అది తాగుడు మానేసినందుకు, తగ్గిపోతుంది. ఇక ఒక్కొక్కటిగా నువ్వడిగిన వాటికి జవాబు చెబుతాను.

ముత్యం కన్ను ఎలా ఉందన్నావు. పోయింది. కుడికన్ను పూర్తిగా పోయింది. పశువుల డాక్టరు గారు చూసి, "గుడ్డు చితికిపోయిందమ్మా, తీసెయ్యాలి" అన్నారు. పామర్రు ఫంక్షన్ హాలు వెనక నువ్వు "గుర్రం తన్నేసింది, చక్రిని చంపేసింది" అని అరిచావు చూడు, ఆ అరుపుకి పెళ్ళివాళ్ళు కుర్చీలూ కర్రలూ పట్టుకుని దాని మీద పడ్డారు. ఎవడో టెంటు ఇనుప మేకు పీకి మొహం మీద కొట్టాడు. పట్టుబట్టల మీద రక్తం చిందినా ఆగలేదురా. పొద్దున చర్చిలో మోకాళ్ళూని పాటలు పాడినవాళ్ళే.

నోరు మానిందా అనీ అడిగావు. ఏ మొహం పెట్టుకుని అడిగావురా! ఆ ముళ్ళ కళ్ళెం నేను తీస్తుంటే నాలుక చీలి వేలాడింది. ముళ్ళు లోపలి వైపు ఉండేలా దగ్గరుండి చేయించావు. పగ్గం లాగితే నొప్పికి ముందుకాళ్ళు లేపుతుంది, జనం నాట్యమనుకుని ఈలలేస్తారు. "డీజే మోతకి గంతులెయ్యని గుర్రానికి పెళ్ళిళ్ళు రావే అమ్మా, అందరూ ఇలాగే చేస్తున్నారు" అన్నావు. మీ నాన్న ఇన్నేళ్ళు పెళ్ళికొడుకుల్ని మోయించాడు, ఏ గుర్రం నోట్లోనూ మేకు పెట్టలేదు. పుండు ఇప్పుడు మానింది. గట్టి గడ్డి ఇంకా నమలలేదు, తవుడు జారుగా కలిపి పెడుతున్నాను.

ఎవరి చేతి మేత తింటోందన్నావు. రోజూ మేత వేసి కడిగే చక్రి పోయాక, మొదట్లో ఎవరి చేతిదీ తినలేదు. నేను షెడ్డులో అడుగుపెడితే గోడకు అతుక్కుపోయి వెనక్కాళ్ళు ఎత్తేది. ఒకసారి భుజం మీద పళ్ళు దించింది. నాకు ఒళ్ళు మండి కర్ర ఎత్తాను. అది పారిపోలేదు జోయెల్. ఉన్న ఒక్క కన్నూ మూసుకుని దెబ్బ కోసం నిలబడింది. కర్ర పారేసి అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆ తర్వాత నేను దాని దగ్గరికి వెళ్ళడం మానేశాను. గంపలో ఉలవలు పోసుకుని, దానికి వీపు పెట్టి కూర్చునేదాన్ని. నాకు నీ మీద కోపం, పెళ్ళివాళ్ళ మీద కోపం, అడ్డం వచ్చి చచ్చిపోయినందుకు చక్రి మీద కూడా కోపం. ఆ కోపం నాలో ఉన్నన్నాళ్ళూ అది రాలేదు. మనం నోరు తెరవకపోయినా దానికి తెలిసిపోతుంది, మన ఊపిరి వింటుందనుకుంటాను. ఒక పొద్దున నాకు ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరికే కూర్చున్నాను. మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది. నా భుజం మీదుగా మెడ చాచి గంపలో మూతి పెట్టింది. నేను కదల్లేదు.

ఇప్పుడు గుడ్డి వైపు నుంచి వెళ్తే ముందుగా మాట్లాడతాను. "నేనేనే తల్లీ" అంటే చెవి ఇటు తిప్పుతుంది. మొన్న కరకట్ట దిగి, ఏటి లంకలోకి తీసుకెళ్ళి పగ్గం విప్పేశాను. పక్కింటి హన్నా, "అయ్యయ్యో, పోతుందండీ పిన్నిగారూ, పట్టుకోండి!" అని ఒకటే గోల. పోతే పోనీ అన్నాను. తోక ఎత్తి ఇసకలో పరుగెత్తింది, పొర్లింది, సకిలించింది. దాని సకిలింపు విని ఎన్నాళ్ళయిందో! చెమటలు కారుతూ తనంతట తనే వచ్చి నా పక్కన నిలబడింది. కట్టేస్తే ఉండటం వేరు, వచ్చి ఉండటం వేరు. పగ్గం నా భుజాన వేసుకుని ఇంటికి నడిచాను, నా వెనకే వచ్చింది.

ఇక నీ అసలు ప్రశ్న, నీ తరఫున సాక్ష్యం చెబుతానా అని. లాయరు గారు వచ్చారు. "మీరొక్క మాట అంటే చాలమ్మా. గుర్రం తన్నడం కళ్ళారా చూశానని చెప్పండి, మీవాడు ఇంటికొచ్చేస్తాడు" అన్నారు. "మరి గుర్రమండీ?" అన్నాను. "దానిదేముందండీ, అమ్మేసుకోండి" అని నవ్వారు. మనిషిని చంపిన గుర్రాన్ని కబేళావాడు తప్ప ఎవడు కొంటాడు?

చక్రి పెళ్ళాం కృప కూడా వచ్చింది. ఏడో నెల కడుపుతో గడ్డిమోపు మోసుకొచ్చింది. "పెద్దమ్మా, ఈయన పిలిస్తే ఇది చంటిపిల్లలా వచ్చేది. ఇదెట్టా తన్నిద్ది? నువ్వు చూశావా?" అని నా కళ్ళలోకి చూసింది.

చూశానురా. పోలీసులకు ఏమీ చూడలేదన్నాను, నీతోనూ అదే అన్నాను. టెంటు గుడ్డ చాటున జీను బట్టలు మడతపెడుతూ అంతా చూశాను. గుర్రం గంతులెయ్యలేదని అందరూ ఎగతాళి చేశారని, తాగొచ్చి దాన్ని ట్రాక్టరుకు కట్టేసి ఇనుప పైపుతో బాదావు. చక్రి పరుగెత్తుకొచ్చి, "అన్నా, వద్దన్నా, నోట్లోంచి రక్తం కారతంది" అని పగ్గం పట్టుకున్నాడు. ఆ పైపుతో అతని తల మీద కొట్టావు. గుర్రం కాళ్ళ దగ్గర పడ్డాడు. వేళ్ళతో మట్టి గీరుతున్నాడు, ఇంకా ప్రాణం ఉంది.

నువ్వు అటూ ఇటూ చూశావు. మనుషుల్ని పిలుస్తావనుకున్నాను. నువ్వు ట్రాక్టరు కట్టు విప్పి, ముత్యాన్ని అతని మీదికి లాగావు. తొక్కమని లాగావు. అది కాలెత్తింది, డెక్క కింద చక్రి రొమ్ము ఉంది. ఎత్తిన కాలు అది కింద పెట్టలేదు. నువ్వు కళ్ళెం గుంజావు, నాలుక చీలింది అప్పుడే. వీపు మీద బాదావు. ఒళ్ళంతా వణుకుతూ మూడు కాళ్ళ మీద నిలబడింది కానీ అతని మీద కాలు పెట్టలేదు. అది మాట వినకపోయేసరికి నువ్వే మళ్ళీ పైపు ఎత్తావు. నా గొంతులోంచి కేక రాలేదు. వచ్చుంటే చక్రి బతికేవాడేమో.

కృపకి చెప్పేశాను. నా రెండు చెంపలూ వాయగొట్టింది, జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టింది. కొట్టి కొట్టి నా ఒళ్ళో పడి ఏడ్చింది. నిన్న నా చెయ్యి పట్టుకుని కోర్టుకి తీసుకెళ్ళింది కూడా తనే. మేజిస్ట్రేటు గారి ముందు ఇదంతా చెప్పాను, వేలిముద్ర కాదు, సంతకం పెట్టాను. లాయరు చెబితే తెలుసుకోవడం వేరు, నా నోటితో నీకు తెలియాలని రాస్తున్నాను.

నువ్వు నా కడుపున పుట్టావు. నీకు శిక్ష పడుతుంది, నా వల్లే పడుతుంది. నేను బతికుండగా బయటికొస్తావో రావో నాకు తెలియదు.

వచ్చే వారం శనివారం ములాఖత్‌కి వస్తున్నాను. నన్ను చూడనంటే గేటు బయట కూర్చుని సాయంత్రం బస్సుకి పోతాను, మళ్ళీ శనివారం వస్తాను. లోపలికి రానిస్తే తిట్టు, మొహాన ఉమ్మెయ్యి, ఊచల్లోంచి చెయ్యి చాపి కొట్టు. నేను కదలను.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
అమలమ్మ