ఇద్దరు చూడాలన్న నిబంధన

అన్నా,

నువ్వు తాటిచెట్టు మీద నుంచి పడి కన్నుమూసి ఇవాళ్టికి ఏడాది. వదినకు రావలసిన సర్కారు సాయం ఇన్నాళ్లూ ఆగిపోయింది. గీత కార్మికుడు పడటం కళ్లారా చూసిన ఇద్దరు సంతకం పెట్టాలని ఆబ్కారీ శాఖవాళ్లు కొత్తగా నిబంధన రాశారు. నువ్వు తెల్లవారకముందే చెట్టెక్కేవాడివి. మనవాళ్లలో సగం మంది దుబాయిలో ఉన్నారు. ఇక చూసేదెవరు? సాయం వస్తే ఇక్కడే ఆటో కొనుక్కుంటానని, రాకపోతే తానూ దుబాయికే పోతానని నీ కొడుకు రాజు పట్టుబట్టాడు.

రెండు నెలల కిందట, శాఖలు రాసే నిబంధనలను తనిఖీ చేసే ఎమ్మెల్యేల కమిటీ జగిత్యాల వచ్చింది. వదినను తీసుకుపోయాను. వదినే అడిగింది.

"సారూ, మా ఆయన ఇద్దర్ని పిలిశి, సూడుండ్రి నేను పడుతున్న అని చెప్పి పడాల్నా?"

శాఖ ఆఫీసరు లేచాడు. "ఈ నిబంధన అసెంబ్లీల పెట్టినం సార్. ఎవ్వలు వద్దనలే."

కమిటీ అధ్యక్షుడు పక్కనున్న ఎమ్మెల్యేల వైపు తిరిగాడు. "మీలో ఎవలన్న సదివిండ్రా?"

అందరూ చాయ్ కప్పుల్లోకి చూశారు.

"అయితే దీన్ని సూసినోళ్లు గూడ లేరు గద సారూ!" అంది వదిన.

నవ్వులు ఆగాక, ఆ నిబంధన తీసేయాలని అధ్యక్షుడు రాయించాడు. శాఖ తీసేసింది. నిన్న సాయం అందింది.

రాజు కొనడానికి ఆటో చూసుకుంటున్నాడు. వదిన మాత్రం వాడి పాస్‌పోర్టు తీసి బియ్యం డబ్బాలో దాచింది. వాడు నన్నడిగితే తెలియదన్నాను. నువ్వూ చెప్పకు.

నీ తమ్ముడు