నీ బిడ్డకు బొమ్మ పొయ్యి

అక్కా,

ఈరోజు నీ బిడ్డకు రెండేళ్లు నిండాయి. మీ అత్త కొత్తకోటలో బొమ్మ పొయ్యి, గిన్నెలు కొని, సంచిలో మనింటికి తెచ్చింది.

"ఆడివిల్ల గదా, ఇప్పటిసంది వంట నేర్సుకోవాలె" అంది నవ్వుతూ.

నాకు ఒళ్లు మండింది. ఆనాడు జ్వరంతో నువ్వు నిలబడలేకపోతుంటే, "వంట జేసినంక దవాఖానకు పోదువు తియ్" అన్నది ఈమే. నువ్వు మారుమాట్లాడకుండా వండిపెట్టావు. దవాఖానకు చేరేసరికి ప్రాణం లేదు. ఎందుకు ఊరుకున్నావని నీ మీద కూడా కోపమే నాకు.

"గివి నువ్వే తీస్కపో అత్తా" అని సంచి ఆమె ఒళ్లో పడేశాను. పాపను వనపర్తి బజారుకు తీసుకెళ్లి, నచ్చింది తీసుకోమన్నాను. డోలు పట్టుకుని వదల్లేదు.

తిరిగొచ్చేసరికి మీ అత్త ఇంకా అరుగు మీదే ఉంది. పాప ఒకటే మోత.

"జర ఆపమను, చెవులు పోతున్నయ్" అంది.

"ఇంకింత గట్టిగ కొట్టు బిడ్డా" అన్నాను.