రొట్టె చేరని బెంచీ

1854 మార్చి 5, ఆదివారం

కాలేజీ ప్రెసిడెంటునయ్యాక ఈ ఊరి చర్చిలో తొలి ప్రభు భోజనం, బాప్తిస్మం పొందినవాళ్లంతా రొట్టె పంచుకునే రోజు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. నా భార్య ఫిలీనా ఎప్పటిలాగే చివరి బెంచీలో. ఆమె పసితనంలో వాళ్లమ్మ ఆమె నెత్తిన నీళ్లు చల్లించింది. మా బాప్టిస్టులకు అది బాప్తిస్మం కాదు. పెద్దయ్యాక నమ్మి, నీళ్లలో మునగాలి. అందుకని పెళ్లయిన నాటి నుంచీ రొట్టె ఆమె దాకా వెళ్లలేదు. పాస్టరుగా ఉన్నన్నాళ్లూ దాన్ని విరిచింది నేనే.

మార్చి 9

నేను గదిలో అడుగు పెడితే కుర్రాళ్ల నవ్వులు ఆగిపోతాయి. పాస్టరుని చావుకీ పురుడుకీ పిలిచేవాళ్లు. ప్రెసిడెంటుని ఎవరూ దేనికీ పిలవరు.

మార్చి 21

కాలేజీ ట్రస్టీల పెద్ద, చర్చిలో డీకన్ కూడా అయిన టిబెట్స్ వచ్చాడు. రెండు కప్పుల టీ తాగాక అసలు సంగతి బయటపెట్టాడు. మీ ఇంటి మనిషే ఒడ్డున నిలబడితే మా పిల్లలకేం చెప్పుకుంటాం బ్రదర్, అన్నాడు. జూన్ లోపు ఆమె మునగాలి, లేదా నేను దిగిపోవాలి. ఫిలీనా వంటింట్లోంచి వింటూనే ఉంది.

మార్చి 22

బీన్స్ మాడాయి. ఇద్దరం మాడినవే తిన్నాం.

ఏప్రిల్ 14

నది మీద గడ్డకట్టిన మంచు విరిగి కదిలింది. మునుగుతాలెండి, మీ చేత్తోనే ముంచండి, అంది ఫిలీనా. మా అమ్మ చేయించింది ఉత్తదని ఊరందరి ముందూ ఒప్పుకున్నట్టే, అయినా పోనీండి, అంది. నాకు సంతోషం వేసింది. సిగ్గు లేకుండా సంతోషించాను.

మే 5

రేపు ఆమె సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి. వందలమందిని అడిగిన ప్రశ్నే ఆమెనీ అడిగాను: ఇది నీ సొంత నమ్మకమేనా? నమ్మకమెక్కడిది, మీ ఉద్యోగం కోసం, అంది. రేపు మాత్రం అబద్ధం బాగానే చెప్తాను, భయపడకండి ప్రెసిడెంటు గారూ, అంది.

ఒకరి కోసం మునిగే మునక బాప్తిస్మం కాదని జీవితమంతా ప్రసంగించాను. డీకన్ ఇంటికి నడిచి వెళ్లి ఆమె రాదన్నాను. ఒప్పుకుందిగా, ఇంకేం, అన్నాడు. మొగుడి కోసం ఒప్పుకుంది, అదే చిక్కు, అన్నాను. అయితే వేరే ప్రెసిడెంటుని చూసుకుంటాం, అన్నాడు.

మే 6

ఫిలీనాకు చెప్పాను. మా అమ్మని కూడా వదులుకుని మునుగుతానన్నాను, అదీ చెల్లదన్నారు మీరు, అంది. తలుపు వేసుకుంది.

మే 7, ఆదివారం

చర్చిలో చివరి బెంచీ దగ్గరికి వెళ్లాను. ఫిలీనా చోటివ్వలేదు. నడవలోనే నిలబడ్డాను. టిబెట్స్ రొట్టె పళ్లెం పట్టుకుని నా దాకా వచ్చాడు. వద్దన్నాను.

అప్పుడు ఫిలీనా కొంచెం పక్కకి జరిగింది.