నైరోబీకి వెళ్లని ఫోటో

సునీతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఆరేళ్లు. వచ్చే వారం మన కంపెనీ నైరోబీలో బ్రాంచి తెరుస్తోంది. యూనివర్సిటీ ల్యాబ్‌లో నువ్వూ రవీ నీటిని పరీక్షించే కిట్ తయారుచేసి ఈ కంపెనీ మొదలుపెట్టినప్పుడు నేను మీ జూనియర్‌ని. నువ్వు పోయిన మూడేళ్లకు నీ భర్త రవిని పెళ్లి చేసుకున్నాను. నైరోబీలో లైసెన్సు కోసం రెండేళ్లు తిరిగింది నేనే.

పొద్దున తార్నాక ఆఫీసులో స్వీట్లు పంచుతూ రవి, "ఇదంతా సునీత కల. ఉంటే ఎంత ఖుషీ అయితుండెనో" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఒళ్లు మాత్రం మండిపోయింది.

తర్వాత గోడమీది నీ ఫోటో తీసి నా చేతికిచ్చాడు.

"గాడ ఆఫీసుల పెడదాం. నీ సూట్‌కేసుల పెట్టుకో."

"పెట్టుకోను. గాడ గూడ నేను ఆమె తర్వాతనేనా?"

రవి తెల్లబోయాడు. "గిన్నాళ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

రవి నా చేతిలోని ఫోటో తీసుకుని మళ్లీ గోడకు తగిలించాడు.

హాస్టల్లో నాకు జ్వరమొస్తే రెండు రాత్రులు నా పక్కన కూర్చున్నది నువ్వే. అది మర్చిపోలేదు. అయినా అక్కా, తార్నాక నీదే. నైరోబీ మాత్రం నాకు వదిలెయ్యి.