మంచం కింది పదకొండు జర్మన్ సంపుటాలు

అరవై ఎనిమిదేళ్ల నేను, గ్రంథాలయంలో విదేశీ పుస్తకాల మార్పిడి విభాగాన్ని ఇరవై ఆరేళ్లు చూసి రిటైరైనదాన్ని, మతి స్థిమితంగా ఉండగా నా చేత్తో రాసి పెడుతున్న వీలునామా ఇది. రేపు ఉదయం ఏడింటికి నా గుండెకు ఆపరేషన్. మతి సంగతి డాక్టరు కాగితం రాసిచ్చాడు. బలవంతం మాత్రం ఉంది, అది రాయొద్దని మా అబ్బాయి చేస్తున్నది.

1. నా తదనంతరం ఈ ఫ్లాటు, నాలుగో అంశానికి లోబడి, మా అబ్బాయికి చెందాలి.

2. నా కుట్టుమిషను, ఉన్ని శాలువా కోడలికి. ఈ ఇంట్లో నా మాట చివరిదాకా వినేది ఆ పిల్లొక్కతే. తనకు చలెక్కువ కూడా.

3. మంచం కింద ఉన్న పదకొండు జర్మన్ సంపుటాలు నావి కావు, కాబట్టి ఎవరికీ రాసివ్వలేను. అవి నా దగ్గరికెలా వచ్చాయో చెప్పి తీరాలి.

మాదీ కలిపి నాలుగు దేశాల్లోని ఆరు గ్రంథాలయాలు జర్మన్ పరిశోధన పుస్తకాలను పంచుకునేవి. ఒకరి దగ్గరున్నది మిగతావాళ్లు తెప్పించుకునేవాళ్లు. చోటు చాలనప్పుడు, ఇంకొకరి దగ్గరున్నదాన్ని తీసేయొచ్చు. కానీ ముందు ఉత్తరం రాసి, మీరు ఉంచుతున్నారా అని అడగాలి. గాజు కొలిమి కార్మికుల ఊపిరితిత్తుల జబ్బుల మీద వచ్చిన ఈ పదకొండు సంపుటాల పత్రిక సముద్రం అవతలి గ్రంథాలయంలో ఉందని ఉమ్మడి జాబితాలో చూశాను. ఉత్తరం రాయకుండానే తీసేయమని సంతకం పెట్టాను. అదే నెలలో అక్కడి ఆవిడ జాబితాలో మా పేరు చూసి, తనూ ఉత్తరం రాయకుండా వాళ్ల ప్రతిని కాగితపు మిల్లుకు పంపేసింది. నన్ను నమ్ముకుని ఆవిడ, ఆవిడను నమ్ముకుని నేను, ఇద్దరం కలిసి కొంప ముంచాం.

మా ప్రతి మాత్రం మిల్లుకు పోలేదు. మేమంతా జిగురన్న అని పిలిచే బైండరు, "ఇంత గట్టి కుట్టు చింపడానికి చేతులు రావట్లేదమ్మా" అని నాతో చెప్పే తన బల్ల కింద పెట్టాడు. అవతలి సంగతి తెలిశాక, అక్కడే ఉంచమన్నదీ నేనే. డైరెక్టరు చూశాడు, దొంగతనమన్నాడు. విచారణలో నన్ను అడిగితే "నాకు తెలియదు" అన్నాను. నిజం చెబితే నేను రాయని ఉత్తరం బయటపడుతుంది. ఆ రెండు మాటలకు జిగురన్న ఉద్యోగం పోయింది. ఆ డైరెక్టరు సగం చదివి సంతకం చేసే మనిషి, అతన్ని నేనిప్పటికీ క్షమించలేదు. కానీ నేను అంతా తెలిసి అబద్ధమాడాను. సంపుటాలను మిల్లుకు పంపే పని నాకే అప్పగిస్తే ఇంటికి తెచ్చుకున్నాను. పందొమ్మిదేళ్లయింది. ఎక్కడో ఒక వైద్యురాలు ఈ పత్రిక కోసం మూడుసార్లు రాసింది. మూడుసార్లూ "లభ్యం కాదు" అని జవాబు రాసి, ఇంటికొచ్చి వాటి మీదే పడుకున్నాను. సిగ్గుగా ఉంది.

4. సంపుటాలు అవతలి గ్రంథాలయానికి, మూడో అంశం నకళ్లు ఆరు గ్రంథాలయాలకూ రేపు ఉదయం తొమ్మిదింటికి బయల్దేరాలి. వీలునామా రాసిన మనిషి పోయాకే చెల్లుతుందని వకీలు అన్నాడు. ఈ ఒక్క అంశం నేను బతికున్నా చెల్లాలి. బతికొస్తే మళ్లీ వాయిదా వేస్తాను, నా సంగతి నాకు తెలుసు. "ఇప్పుడు పరువు తీసుకోవడం ఎందుకమ్మా, పాత సామాన్లవాణ్ణి పిలిస్తే పోయేదానికి" అని మా అబ్బాయి నిన్న అన్నాడు. అందుకే నా గది తాళంచెవి పక్కింటి నర్సుకిచ్చాను, దీన్ని అమలుపరిచేదీ ఆమే. నాన్నా, నీ మీద ప్రేమ లేక కాదు. అడ్డుపడ్డావంటే ఫ్లాటు కోడలిది.

5. కింది అంతస్తులోని నా షాపు గది జిగురన్నకు. ఇప్పుడాయన ఎవరి మెట్ల కిందో కూర్చుని నోటు పుస్తకాలు కుడుతున్నాడు.

6. ఈ మధ్యాహ్నం చేర్చినది: నర్సు వెళ్లి జిగురన్నను తీసుకొచ్చింది. అంతా చదివాడు, మూడో అంశం రెండుసార్లు చదివాడు. "ఇది అప్పుడే చెప్పాల్సిందమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది. తర్వాత, సాక్షి సంతకం తను పెడతానన్నాడు. సాక్షికి వీలునామా కింద ఏదీ దక్కదు, గది పోతుందని చెప్పాను. "గది పుచ్చుకుంటే, నేనే రాయించానంటారు. సంతకం పెట్టనివ్వండి" అన్నాడు. నేనెంత చెప్పినా వినలేదు. కాబట్టి ఐదో అంశం రద్దు.

మార్చి పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర.

(సంతకం) రాసి ఇచ్చినామె

సాక్షులు, మా కళ్లెదుట సంతకం చేయగా చూసినవారు:

ఒకటి: పక్కింటి నర్సు.

రెండు: బైండరు, గ్రంథాలయం.