రాకుమారుల లిస్టు

నవంబర్ 10, 2025, సోమవారం

దీపక్ అన్నయ్య కువైట్ నుంచి ఫోన్ చేసి, కొడుకు పేరు ప్రిన్స్, ఇక ఖాయం అన్నాడు. వచ్చే ఆదివారమే చర్చిలో శిశు ప్రతిష్ఠ. మా వీధి చివర కుక్క పేరు కూడా ప్రిన్సే అని గుర్తు చేశాను. అన్నయ్యకు కోపం వచ్చింది. రూతు వదిన మాత్రం బిడ్డను ఒళ్లో పెట్టుకుని పడీపడీ నవ్వింది. అర్థం అదే ఉండాలి, కుక్కకి ఉండకూడదు, నువ్వే వెతుకు బ్లెస్సీ అంది.

నవంబర్ 11

లిస్టు మొదలైంది. యువరాజు, రాకుమారుడు, షెహజాదా. అరబ్బు దేశాల్లో వలీ అహద్ అంటారని అన్నయ్యే చెప్పాడు. మా కాలేజీ హిస్టరీ లెక్చరర్ కృష్ణమూర్తి గారిని స్టాఫ్‌రూమ్‌లో పట్టుకున్నాను. రాజుగారి కొడుకులందరూ యువరాజులు కారండి, తర్వాత సింహాసనం ఎవరిదో వాళ్లకే ఆ బిరుదు అన్నారు. అంటే పుట్టగానే వచ్చేది కాదు, ఎవరో ఒకరు ఇవ్వాలి. భలే నచ్చింది.

ఇంకోటి. చిన్నప్పుడు విన్న కథల్లో రాజుగారి ఏడో కొడుక్కి అసలు పేరే ఉండదు. ఎందుకని? ఎవరూ అడగలేదా?

నవంబర్ 12, సాయంత్రం 6

యాకోబు తాతయ్యకి ఎనభై రెండేళ్లు. మీకు తెలిసిన రాకుమారుడి పేరు చెప్పండి అంటే, ఆయ్, చినబాబుగారు అన్నారు ఠక్కున.

ఎనిమిదో ఏట తాతయ్య ఒక రైతు ఇంట్లో పశువులు కాయడానికి చేరారు. చినబాబుగారు ఆ ఇంటి పిల్లాడు. వయసు మూడేళ్లు. భుజాల మీద ఎక్కించుకుని కాలవ దాటించేవారు. రండి, దిగండి, పాలు తాగండి అనాలి. ఒకసారి రా అని నోరు జారితే వాళ్ల నాన్న పెదబాబుగారు కొబ్బరి మట్టతో కొట్టేరంట. నేను పెన్ను మూసేశాను.

తాతయ్య ఆగలేదు. నాన్న పుట్టినప్పుడు ముచ్చటపడి రాజబాబు అని పెట్టుకున్నారట. మా ఇంట్లో బాబులుండగా మీ పేటలో బాబేంట్రా అన్నారట పెదబాబుగారు. వారం తిరక్కుండా నాన్న ఫిలిప్ అయ్యారు. ఈ సంగతి నాన్నకి తెలీదు. చెప్పకమ్మా, నొచ్చుకుంటాడు అన్నారు తాతయ్య. ఎక్కడా రాయొద్దన్నారు కూడా.

రాసేశాను.

నవంబర్ 13

లిస్టంతా కొట్టేసి రాజబాబు ఒక్కటే ఉంచాను. అన్నయ్యకి పంపాను. ముసలాడి పేరులా ఉంది, స్కూల్లో ఏడిపిస్తారు అని వాయిస్ మెసేజ్. కారణం చెప్పలేక చచ్చాను.

నవంబర్ 15, శనివారం

ప్రిన్స్ పేరుతో కేక్ ఆర్డర్ ఇచ్చేశారు. ఇక ఉండబట్టలేక నాన్నకి చెప్పేశాను. నాన్న చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఒకే చొక్కా చేతిని నాలుగుసార్లు ఇస్త్రీ చేశారు.

మాట తప్పానని సిగ్గుగా ఉంది. చెప్పకపోయినా సిగ్గుగానే ఉండేది.

నవంబర్ 16, ఆదివారం

మా చర్చిలో ఇంటి పెద్ద బిడ్డను ఎత్తుకుని మైకులో పేరు చెప్పాలి. ప్రిన్స్ అని రాసిన కాగితం నాన్న జేబులోనే ఉంది. తీయలేదు. బిడ్డను తాతయ్య చేతుల్లో పెట్టి, నేను పుట్టినప్పుడు మీరు పెట్టుకున్న పేరే చెప్పండి నాన్నా అన్నారు.

తాతయ్య నా వైపు చూశారు. తల దించుకున్నాను. పాస్టర్ గారు గొంతు సవరించుకున్నారు.

రాజబాబుగారండి, అన్నారు తాతయ్య.

చర్చి అంతా నవ్వింది, నెలన్నర పిల్లాడికి గారూ అండీ ఏంటని. నాన్న నవ్వలేదు. కళ్లు తుడుచుకున్నారు. వీడియో కాల్‌లో అన్నయ్య ఒకటే గోల. ఇంటికొచ్చాక నాన్నే అన్నయ్యకి ఫోన్‌లో అంతా చెప్పారు. తర్వాత సరే నాన్నా అన్నాడు.

కేక్ మీద ప్రిన్స్ అనే ఉంది. అలాగే కోశాం.

నవంబర్ 17

మునిమనవడిని అండీ అనడమేంటి తాతయ్యా అని అడిగాను. ఇన్నాళ్లకి ఇష్టపడి అంటన్నానమ్మా అన్నారు.

నవంబర్ 18

ఉయ్యాల ఊపుతూ నేనూ, మీరు బజ్జోండి అన్నాను. రాజబాబుగారు ఆవలించారు.