ఇంకా వింటున్నారా?

బాబాయ్,

నువ్వు పోయి ఏడాదైంది. నీ ఫోన్‌లో నెలనెలా డబ్బులు లాగుతున్న పాటల యాప్ తీయించేద్దామని పిన్ని పిలిస్తే, ఇవాళ తెనాలి నుంచి రేపల్లె వచ్చాను. చేరడానికి ఒక్క నొక్కు చాలు గానీ, మానాలంటే యాప్ ఊరంతా తిప్పుతుంది. షరతులు చదవకుండా ఎందుకు ఒప్పుకున్నావని అప్పట్లో అడిగితే, "పెళ్ళిలో మాత్రం చదివానేంటమ్మా?" అన్నావు. పిన్ని గరిటె చూపించింది.

మానే దారి నేను వెతుకుతుంటే నీ పాటలు మోగుతూనే ఉన్నాయి. కాసేపటికి పాట ఆగి, "ఇంకా వింటున్నారా?" అన్న ప్రశ్న తెర మీదికొచ్చింది. నువ్వైతే ఫోన్‌కి కూడా మర్యాదిచ్చి, "వింటున్నామండి" అని పైకే చెప్పి నొక్కేవాడివి.

"పాటాగిందేంటే?" వంటింట్లోంచి పిన్ని అడిగింది.

"ఇంకా వింటున్నారా అంటోంది పిన్నీ."

పిన్ని గరిటె పట్టుకునే గుమ్మంలోకొచ్చింది.

"వింటున్నామండి అని చెప్పవే."

యాప్ తీయలేదు. సిగ్గుపడుతూనే పైకి చెప్పి నొక్కాను, బాబాయ్.